పెట్టుబడి మనది, మేత వాటిది

పొద్దు గూకేలోపే మంచె ఎక్కి కూర్చోవాలి. చీకటి పడ్డాక ఎక్కితే నిచ్చెన కిర్రుమంటుందనీ, ఆ చప్పుడు గుట్ట దాకా పోతుందనీ బాబాయ్ ముందే చెప్పాడు. చెప్పులు కింద వదిలేసి, మెట్టు మెట్టూ పట్టుకుని పైకి రండి. నాలుగు తుమ్మ గుంజలు, వాటికి అడ్డంగా కట్టిన వాసాలు, పైన ఒక నులక మంచం, తల మీద నీలం పరదా పట్టా. ఇంతే మంచె. మంచం మీద గొంగడి, టార్చిలైటు, పాత డాల్డా డబ్బా, దాన్ని వాయించటానికి ఒక కర్రముక్క, ఫ్లాస్కు నిండా టీ. తుపాకీ లేదు. ఆ సంగతి గుర్తుంచుకోండి, తెల్లారేలోపు దాని ప్రస్తావన మళ్లీ వస్తుంది.

బాబాయ్ మీకు చుట్టం కాదు. ముక్త్యాలలో వయసు మళ్లిన రైతును పేరు పెట్టి పిలవరు గనక మీకూ బాబాయే. మీ పక్కనే కూర్చుని, కాళ్లు ముడుచుకుని, తలపాగా విప్పి చెవుల మీదుగా మళ్లీ చుట్టుకుంటున్నాడు. మాఘ బహుళ పంచమి. ఏటి మీద నుంచి వచ్చే గాలికి ఇంకా చలి పోలేదు. శివరాత్రి తొమ్మిది పది రోజుల్లోకి వచ్చింది. ముక్తేశ్వరస్వామి గుడికి జనం వచ్చేదాకానైనా ఈ చేను దక్కితే చాలని ఆయన ఆశ.

మీ ముందు ఎకరంన్నర మొక్కజొన్న. మనిషి మునిగే ఎత్తు. కంకి పాలు పోసుకుని గింజ గట్టిపడే వేళ. పొట్టు కొంచెం చీల్చి గోటితో గింజను గిల్లితే తెల్లటి పాలు చిమ్ముతాయి. ఆ తీపి వాసన మీకు తెలియకపోవచ్చు. గుట్ట మీద ఉన్నవాటికి తెలిసిపోతుంది.

చుట్టూ ఒకసారి చూసుకోండి. ఒక పక్క కృష్ణ. ఎగువన పులిచింతల ప్రాజెక్టు నీళ్లు పట్టి ఉంచింది గనక ఏరు సన్నబడింది, బండలూ ఇసుక తిన్నెలూ తేలాయి. అవతలి ఒడ్డున మాదిపాడు. అది పల్నాడు జిల్లా. మీరున్నది ఎన్టీఆర్ జిల్లా జగ్గయ్యపేట మండలం. 2022 ఏప్రిల్లో జిల్లాలు విడదీసేదాకా కృష్ణా జిల్లాకు ఇది మెట్ట వైపు కొస. దూరంగా సిమెంటు ఫ్యాక్టరీ లైట్లు వెలిగాయి. మిగిలిన పక్క గుట్ట. సున్నపురాయి బండలు, ఎండిన గడ్డి, మధ్యలో అల్లుకుపోయిన సర్కారు తుమ్మ. 1870ల్లో కడప జిల్లా కమలాపురం దగ్గర వంటచెరకు కోసం నాటిన ఆ పరదేశపు చెట్టు ఇప్పుడు తెలుగు నేలంతా పాకింది. మనిషి దూరలేడు, పశువు దూరలేదు. పంది మాత్రం పొట్టను నేలకు ఆనించి ఇట్టే దూరిపోతుంది. పగలంతా దానికి అదే ఇల్లు.

ముందు వచ్చేవి నెమళ్లు. గట్టు వెంట ఒక మగది, దాని వెనక మూడు పెట్టలు. తొందరేం లేదు వాటికి. పక్కనున్న మిరప చేలో ఒక పండుకాయ కొరికి, నాలుగడుగులు వేసి, ఇంకోటి కొరుకుతాయి. బాబాయ్ డబ్బా మీద ఒక దెబ్బ వేస్తాడు. మగది మెడ ఎత్తి మీ వైపు చూసి మళ్లీ వంగుతుంది. రెండో దెబ్బకు గానీ లేవవు. బరువుగా రెక్కలు కొట్టుకుంటూ డొంక అవతలి వేపచెట్టు మీదికి ఎక్కి, పడక సర్దుకుంటూ అరుస్తాయి.

"విత్తనం వేసిన రోజు నుంచి కోత దాకా వీటి కూలి వీటిదే. ఏమన్నా అంటే జాతీయ పక్షి. మనం ఎవరం అనటానికి?" అంటాడు బాబాయ్.

నెమలి 1963లో జాతీయ పక్షి అయింది. వన్యప్రాణి సంరక్షణ చట్టంలో మొదటి షెడ్యూలులో ఉంది. పంటను తినేస్తోందన్న కారణంగా దాన్ని చంపటానికి ఎవరూ అనుమతి ఇవ్వలేరు. ఇక్కడి గట్టు మీద నెమలి ఎలాగో, అమెరికా అడవి అంచున టర్కీ కోడి అలాగ. రెండూ ఒకే కుటుంబం పక్షులు. పగలు నేల మీద మేసి, రాత్రి చెట్టెక్కి పడుకోవటం కూడా ఒక్కటే. ఆ మాట మీరు అనగానే బాబాయ్‌కి ఏదో గుర్తొస్తుంది.

"అమెరికాలో ఉన్న మా మేనల్లుడు ఫోన్లో వీడియో పంపాడు బాబూ. అక్కడ జింకల కోసం చేను వేస్తారంట. దున్ని, సున్నం చల్లి, ఎరువేసి, విత్తనం పోసి, కంచె గూడా లేకుండా వొదిలేస్తారంట. పిల్లాడు నన్ను ఆటపట్టించటానికి చెప్పాడా, నిజమేనా?"

నిజమే. అక్కడ దాన్ని ఫుడ్ ప్లాట్ అంటారు. అడవి మధ్యలో అరెకరమో ఎకరమో చదును చేసి క్లోవర్, ఓట్లు, చికోరి, టర్నిప్, సోయా లాంటివి వేస్తారు. శరదృతువులో తెల్లతోక జింకలు వాటికి మరుగుతాయి. వసంతం చివర్లో క్లోవర్ ఆకుల్లో పురుగులు ఏరుకోవటానికి టర్కీలు పిల్లల్ని వెంటేసుకుని వస్తాయి. చేను అంచున చెట్టుకు ఒక మంచె కడతారు. వేటగాడు ఆకుల రంగు బట్టలు వేసుకుని, గాలి వాలు చూసుకుని, వాసన జింక వైపు పోకుండా కూర్చుంటాడు. పొద్దు వాలి, జింక తుప్పల్లోంచి తల బయటపెట్టి, పైరు మీదికి వచ్చిందాకా ఓపిక పడతాడు. తర్వాత తుపాకీ, లేదంటే విల్లు.

బాబాయ్ వింటూ వింటూ తన మంచె గుంజ మీద చెయ్యి వేస్తాడు. "మంచె కూడా కడతారా?"

కడతారు. తేడా ఒక్కటే. జింక వేట అక్కడ సూర్యోదయానికి అరగంట ముందు మొదలై, సూర్యాస్తమయం అయిన అరగంటకు ముగిసిపోవాలి. చాలా రాష్ట్రాల్లో అదీ నియమం. ముక్త్యాలలో బాబాయ్ మంచె ఎక్కే వేళకు అక్కడివాడు మంచె దిగుతాడు. వాడు రావాలని కూర్చుంటాడు, ఈయన రాకూడదని కూర్చుంటాడు.

వెలుగు పూర్తిగా పోయింది. చంద్రుడు రావటానికి పది దాటుతుంది. పందులకు కావలసింది ఈ మధ్య చీకటే.

ఇప్పుడు కళ్లతో పని లేదు, చెవి పెట్టండి. ఎండు ఆకుల మీద గాలి చప్పుడు వేరు, ఎలుక పరుగు చప్పుడు వేరు. చాలాసేపు ఏమీ ఉండదు. ఏటి వైపు నుంచి ఒక మోటారు మోత సన్నగా వినపడుతుంది. దోమలు గొంగడి అంచున తిరుగుతుంటాయి. మీకు కునుకు పట్టబోతుండగా గుట్ట కింద తీతువు పిట్ట ఒక్కసారిగా కూస్తుంది. బాబాయ్ చెయ్యి మీ మోకాలి మీద పడుతుంది. మాట్లాడొద్దని.

తీతువు మళ్లీ కూస్తుంది, ఈసారి దగ్గరగా, ఎగురుతూ. ఆ తర్వాత ఏమీ వినపడదు. అంత నిశ్శబ్దంలో మొట్టమొదటి మొక్క విరిగిన చప్పుడు, ఫట్‌మని, మీరు అనుకున్నదానికన్నా చాలా దగ్గర్లో.

పంది కంకిని అందుకోలేదు. అందుకని రొమ్ముతో మొక్కను తోసి, దాని మీదుగా నడిచి, నేలకు పడేస్తుంది. కంకి నోటికి అందాక పొట్టు చీలుస్తుంది. ఆ చీల్చే చప్పుడు మీకు స్పష్టంగా తెలుస్తుంది, తర్వాత నమిలే చప్పుడు. సగం కొరికి వదిలేసి పక్క మొక్కను తోస్తుంది. తినేది ఒక వంతు, తొక్కేది మూడు వంతులని రైతులు అనేది ఇందుకే. ఇంకో ఫట్. ఇంకో రెండు. ఇప్పుడు చప్పుడు ఒకచోట లేదు, నాలుగైదు చోట్ల ఉంది. మధ్యమధ్య సన్నగా, ముక్కుతో పలికే గుర్రు. "తల్లి, పిల్లలు" అంటాడు బాబాయ్ మీ చెవిలో. ఆడపందులు పిల్లలతో గుంపుగా తిరుగుతాయి. ఎదిగిన మగది విడిగా తిరుగుతుంది. దాన్ని ఒంటిపంది అంటారు. మనిషి మీదికి వచ్చేది ఎక్కువగా అదే. అందుకే ఈ వేళప్పుడు మంచె దిగరు.

బాబాయ్ టార్చి వేస్తాడు. మీరు మెరిసే కళ్ల కోసం వెతుకుతారు. కుందేలుకు మెరుస్తాయి, జింకకు మెరుస్తాయి, నక్కకు మెరుస్తాయి. పంది కళ్లు మెరవవు. వెలుగును తిప్పికొట్టే పొర దాని కంట్లో లేదు. అందుకని వెలుతురు చారలో మీకు కనిపించేది ఊగుతున్న మొక్కజొన్న ఆకులు, వాటి మధ్య ఒక నల్లటి వీపు, దాని మీద నిక్కిన వెంట్రుకలు. కన్ను మందమైనా దాని ముక్కు అపారం. మీరు పొద్దున రాసుకున్న సబ్బు వాసన దానికి ఈపాటికే తెలిసి ఉంటుంది. అయినా కదల్లేదంటే మనుషులకు అలవాటు పడిందనే అర్థం.

ఇక డబ్బా. నిశ్శబ్దంగా కూర్చున్న ఆ పెద్దాయన గొంతులో అంత బలం ఎక్కడిదో మీకు తెలియదు. "హోయ్! హోయ్ హోయ్!" డబ్బా మోత, కేక, పక్క చేల కాపలావాళ్ల కేక, ఎక్కడో ఒక టపాసు పేలుడు. చేలో ఒక తుఫాను లేస్తుంది. మొక్కలు వరసగా పడుతూ ఆ తుఫాను గుట్ట వైపు పరుగు తీస్తుంది. ఒక పిల్ల దారి తప్పి మంచె కిందుగా కీచుమంటూ పోతుంది. తర్వాత తుమ్మకంప విరిగే చప్పుడు, అదీ ఆగిపోతుంది.

"పోయినట్టు కాదు. వింటా కూర్చుంటయ్" అంటాడు బాబాయ్, టీ పోస్తూ.

టీ తాగేలోపు తుపాకీ మాట వస్తుంది. మీరే అడుగుతారు. ఒకప్పుడు ఈ చేలల్లో తుపాకీ ఉండేది. 1959 ఆయుధాల చట్టంలోనే పంట రక్షణకు వాడే, మూతి నుంచి మందు కూరే తుపాకీ ప్రస్తావన ఉంది. అది రైతు తుపాకీ. దొరల తుపాకీలు వేరే. వేటకు వెళ్లినవాళ్లు నీటి మడుగు పక్కనో, పంట చేను అంచునో కాపు వేసేవాళ్లు. జంతువు మేతకు వచ్చేచోటే వేటగాడు కూర్చోవటం ఏ దేశంలోనైనా ఉన్నదే. విత్తనం పోసి మరీ పిలిపించుకోవటం అమెరికావాడి పద్ధతి. మనవాడు ఎవరో వేసుకున్న జొన్నచేను అంచున కూర్చునేవాడు.

1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది. తర్వాత కూడా కొన్నాళ్లు లైసెన్సు మీద కొన్ని జంతువులను వేటాడనిచ్చారు. 1991 సవరణతో అదీ పోయింది. ఆ చట్టంలో వేట అంటే ఏమిటో చెప్పే చోట ఒక్క చంపటమే లేదు. విషం పెట్టటం, ఉచ్చు వేయటం, వల పన్నటం, తరమటం, ఎర వేయటం, చివరికి వీటిలో దేనికైనా ప్రయత్నించటం, అన్నీ వేటే. అమెరికాలో మొలిపించిన పైరు మీద టర్కీని వేటాడితే తప్పు లేదు, బస్తా తెచ్చి గింజలు కుమ్మరించి వేటాడితే చాలా రాష్ట్రాల్లో నేరం. అంటే వాళ్ల గీత పండించటానికీ పోయటానికీ మధ్య ఉంది. మనకు ఆ గీతతో పని లేదు. జింకను రప్పించి పట్టుకుందామని పైరు వేస్తే, ఆ వేయటమే వేట కిందికి వస్తుంది.

"మరి నేను వేసింది?" అని నవ్వుతాడు బాబాయ్. ఆయన వేసింది కోళ్ల కోసం. ఈ మొక్కజొన్న ఎక్కువ భాగం కోళ్ల దాణా కిందికి పోతుంది. కోడికి పోవాల్సింది పందికి పోతోంది, అంతే. గుట్ట అంచున ఉన్న ప్రతి చేనూ, రైతు ఇష్టపడినా పడకపోయినా, అడవికి వేసిన మేతే. ఎరువు ఆయనది, విత్తనం ఆయనది, తడి ఆయనది. వేట హక్కు మాత్రం ఎవరిదీ కాదు.

పందికి చట్టంలో ఒక దారి ఉంది. 2022 సవరణ తర్వాత అది రెండో షెడ్యూలులో ఉంది. ప్రాణానికో ఆస్తికో ప్రమాదం అయినప్పుడు, నిలబడి ఉన్న పంట కూడా ఆస్తి కిందే లెక్క, రాష్ట్ర ప్రధాన వన్యప్రాణి సంరక్షణాధికారి గానీ ఆయన అధికారం ఇచ్చినవారు గానీ కారణం రాసి, లిఖితపూర్వకంగా చంపే అనుమతి ఇవ్వవచ్చు. కేరళ 2022లో ఆ అధికారాన్ని పంచాయతీ అధ్యక్షుల దాకా దించింది. బాబాయ్‌కి ఆ కాగితం దారి ఎంత పొడుగో తెలుసు. కంకి పాలు పట్టాక కోతకు ఎక్కువ రోజులుండవు. కాగితం వచ్చేలోపు చేను అయిపోతుంది.

దారి పొడుగైనచోట అడ్డదారి తొక్కేవాళ్లుంటారు. చేను చుట్టూ మోకాలెత్తున ఇనుప తీగ లాగి, మోటారు పెట్టెలోంచి కరెంటు ఇస్తారు. రాత్రి చేను తడిపేందుకు పోయిన పక్క రైతు, గొర్రెలు తోలుకొచ్చిన పిల్లాడు, ఒక్కోసారి తీగ లాగినవాడే తెల్లారేసరికి దాని మీద పడి ఉంటాడు. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఏటా పేపర్లో వచ్చే వార్త ఇది. అందుకే ఈ ఊళ్లో చీకటిపడ్డాక డొంక దాటి ఎవరి చేలోకి అడుగుపెట్టాలన్నా ముందు కేకేస్తారు. మీరూ మంచె దిగి పక్కకు వెళ్లాల్సి వస్తే కేకేసి, టార్చి వేసుకుని, గట్టు మీదే నడవండి.

పదిన్నరకు చంద్రుడు వచ్చాడు. గుట్ట మీద బండలు ఒకటొకటిగా తేలాయి. పందులు రెండోసారి వచ్చింది ఆ వెలుతుర్లోనే, ఈసారి చేనుకు ఆ కొసన. మళ్లీ డబ్బా, మళ్లీ కేక. మూడోసారి బాబాయ్ నిద్రలో ఉన్నాడు. కేకేసింది మీరు. మీ గొంతుకు అవి కదల్లేదు. పక్క చేలోంచి ఎవరో ఒడిసెలతో రాయి విసిరితే గానీ పోలేదు.

తెల్లవారుజామున మంచు దిగే వేళకు మంచె దిగి చేలో నడవండి. ఆకులు తడిసి మీ చొక్కాకు అంటుకుంటాయి. పందులు పడ్డచోట అర సెంటు, సెంటు మేర చాప పరిచినట్టు మొక్క పడుకుని ఉంది. వంగి ఒక కంకి తీసుకోండి. ఒక వైపు గింజ పూర్తిగా పోయింది, రెండో వైపు పంటి గాటు కూడా పడలేదు. నేల మీద గిట్టల గుర్తులు. ముందు రెండు పెద్ద గుంటలు, వాటి వెనక కొంచెం ఎడంగా రెండు చిన్నవి. ఆ వెనక గిట్టల గుర్తును బట్టి పందిని, జింకను విడిగా పోల్చుతారు.

గట్టు దగ్గరకి రండి. ఇక్కడ మొక్క పడలేదు, నేలే లేచింది. అడుగు లోతున, బారెడు పొడుగున, పార పెట్టి తవ్వినట్టే ఉంది. మొక్కజొన్న ఇంత దగ్గర్లో ఉండగా పంది ఈ మట్టి ఎందుకు తవ్వింది? మట్టిలో వేళ్లు పెట్టి వెతకండి. నల్లటి చిన్న గడ్డ ఒకటి దొరుకుతుంది. కొరికితే ఘాటైన వాసన. తుంగ. పందికి తుంగగడ్డ మీద ఉన్న మోజు కాళిదాసు నాటికే పాత సంగతి. శాకుంతలంలో దుష్యంతుడు వేట ఆపించినప్పుడు, పందులు మడుగుల్లో నిశ్చింతగా తుంగ తవ్వుకోవచ్చని చెబుతాడు. ఇంకో విచిత్రం. అమెరికాలో టర్కీల కోసం ప్రత్యేకంగా విత్తే పైర్లలో చూఫా ఒకటి. అదీ తుంగ జాతిదే. దాని గడ్డలు టర్కీలు కాళ్లతో గీరి ఏరుకు తింటాయి. మన రైతు కలుపు మందు కొట్టి చంపాలని చూసే మొక్కకు చుట్టాన్ని అక్కడ విత్తనం కొని నాటుతున్నారు.

అలా నాటటం వల్ల మేలు జరగలేదని కాదు. 1900 ప్రాంతంలో తెల్లతోక జింకలు అమెరికా మొత్తం మీద అయిదు లక్షల లోపే మిగిలాయని అంచనా. ఇప్పుడు మూడు కోట్ల దాకా ఉంటాయి. అదంతా ఫుడ్ ప్లాట్ల పుణ్యం కాదు. వేట మీద హద్దులు పెట్టారు, అడవులు తిరిగి పెరిగాయి, జంతువులను పట్టి తెచ్చి కొత్తచోట్ల వదిలారు. దీనికి డబ్బు ఎక్కడిది? 1937లో తెచ్చిన చట్టం ప్రకారం వేట తుపాకులు, తూటాల మీద 11 శాతం పన్ను వేసి, అది రాష్ట్రాలకు వన్యప్రాణుల కోసమే ఇస్తున్నారు. జంతువు కావాలనుకున్నవాడే జంతువు మేతకు కడుతున్నాడు. వేట మంచిదా చెడ్డదా అన్నది వేరే తగువు. ఆ ఖర్చు ఎవరి జేబులోంచి పోతోందన్న ప్రశ్నకు మాత్రం అక్కడ జవాబు ఉంది.

మన దగ్గరా అడవి జంతువుల కోసం గడ్డి పెంచేచోట్లు లేకపోలేదు. ఇదే కృష్ణకు ఎగువన అమ్రాబాద్ పులుల అభయారణ్యంలోనూ, గోదావరి వైపు కవ్వాల్‌లోనూ అటవీ శాఖ కలుపు తీయించి, మేతకు పనికొచ్చే గడ్డి పెంచి, వేసవికి నీటి తొట్లు కట్టిస్తోంది. దుప్పులు, కణుజులు పెరగాలి, వాటిని వేటాడి పులి బతకాలి. మేత వేసి వేటకు పిలిచే పద్ధతి మన చట్టం ప్రకారం ఒక్క పులికే చెల్లుతుంది. ముక్త్యాల గుట్టకు పులి లేదు. కాబట్టి ఇక్కడి పందిని వెనక్కి తగ్గించేది ఒక డాల్డా డబ్బా.

ఒకప్పుడు మాఘమాసానికి ఈ మెట్ట పొలాలు ఎండి ఉండేవి. నాగార్జునసాగర్ కోసం పట్టుబట్టి తిరిగింది ఈ ఊరి జమీందారే, ముక్త్యాల రాజా వాసిరెడ్డి రామగోపాలకృష్ణ మహేశ్వరప్రసాద్. 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేశాడు. 1967లో కాలవలకు నీళ్లు వదిలారు. ఎడమ కాలవ జగ్గయ్యపేట, నందిగామ మెట్టల దాకా వచ్చాక, బోర్లూ ఎత్తిపోతలూ తోడయ్యాక, గుట్ట ఎండిపోయే వేళకు చేను పచ్చగా ఉండటం మొదలైంది. నీళ్లు మనిషికి రెండో పంట ఇచ్చాయి. పందికి ఎండాకాలపు మేత ఇచ్చాయి.

బాబాయ్ పడిపోయిన మొక్కల్ని కాలితో కదిపి చూస్తున్నాడు. నాలుగు సెంట్లకు తక్కువ పోలేదని అంచనా. అటవీ శాఖకు అర్జీ పెడితే పరిహారం రావచ్చు. దానికి ఫొటోలు కావాలి, పొలం కాగితాలు కావాలి, అధికారి వచ్చి చూడాలి. రోజూ రెండు మూడు సెంట్లు పోయే నష్టానికి ఏ రోజున అర్జీ పెట్టాలో ఆయనకు తేలటం లేదు. మీరు ఫోనుతో ఫొటో తీస్తారు. పడుకున్న మొక్కజొన్న ఫొటోలో గాలివానకు పడ్డట్టే ఉంటుంది.

"వచ్చే ఏడు చుట్టూ నాలుగు సాళ్లు ఆముదం వేస్తా" అంటాడు. రాజేంద్రనగర్ వ్యవసాయ విశ్వవిద్యాలయం వాళ్లు చెప్పే ఉపాయాల్లో ఇదొకటి. మొక్కజొన్న చుట్టూ దట్టంగా ఆముదం, వేరుశనగ చుట్టూ ముళ్లున్న కుసుమ. ఆముదం వాసన పందికి గిట్టదు, దాని వెనక ఉన్న కంకి వాసన దాకా రాదు. అమెరికావాడు పిలవటానికి వేస్తే మనవాడు పొమ్మనటానికి వేస్తాడన్నమాట. పాత చీరలు కట్టినా, మంగలి షాపు నుంచి వెంట్రుకలు తెచ్చి గట్ల మీద చల్లినా, పులి గాండ్రింపు వినిపించే పెట్టె పెట్టినా కొన్నాళ్లు పనిచేస్తాయి. ఇందులో ప్రమాదం లేదని పందికి తెలిశాక పనిచేయవు. ఆముదమూ అంతేనేమో తెలియదు గానీ, దానికి గింజ అయినా మిగులుతుందని బాబాయ్ లెక్క.

అదీ కుదరకపోతే గుట్ట వైపు మొక్కజొన్న మానేసి మిరప వేస్తాడు. మిరపను పంది ముట్టదు. నెమలి ముడుతుంది. మిరపకు పెట్టుబడి ఎక్కువ, ధర చేతిలో లేదు. ఏ పైరు వేయాలన్నది ధర చూసి, నీళ్లు చూసి, నేల చూసి తేల్చుకునేవాళ్లు పెద్దలు. ఇప్పుడు పంది ఏది తినదో చూసి తేల్చుకుంటున్నారు. అడవి ఉండాలని నగరంలో కూర్చుని కోరుకునేవాళ్లం మనమంతా ఉన్నాం. కోరుకోవటం తప్పు కాదు. ఆ కోరికకు అయ్యే ఖర్చును ముక్త్యాల గుట్ట కింద ఎకరంన్నర రైతు ఒక్కడే ఏటా కడుతున్నాడు, అందుకు ఎవరి దగ్గరా రశీదు లేదు.

బాబాయ్ మోటారు వైపు నడుస్తున్నాడు. మిగిలిన దానికి ఈ రోజు తడి పెట్టాలి, కరెంటు పోయేలోపు. గింజ గట్టిపడటానికి ఇంకో రెండు తడులు, రెండు వారాల కాపలా. మీరు చెప్పులు వెతుక్కుంటుంటే వెనక్కి తిరిగి అంటాడు.

"రాత్రికి కూడా ఉంటారా బాబూ? ఉంటే ఊళ్లోకి పోయి ఆ టార్చి చార్జింగ్ పెట్టుకుని రండి. నిన్న మీరు కేకేసినప్పుడు పంది కాదు, నేను లేచి కూర్చున్నా. ఈసారి డబ్బా వాయించండి."